ఎండకు పెట్టిన సెల్లు

రేడియోలో సెల్లు నీరసపడితే మీ ఇంట్లో ఏం చేసేవాళ్లండీ? మహానంది నుంచి నంద్యాల దాకా ఏ ఊళ్లో అరుగు మీద కూర్చున్న పెద్దాయనను అడిగినా జవాబు ఒకటే: "ఏముందప్పా, ఎండకు పెట్టేవాళ్లం." మిద్దె మీద వడియాల పక్కన నాలుగు పెద్ద సెల్లు వరసగా నిలబడి ఉండేవి. పొద్దు వాలాక తెచ్చి సెట్లో వేస్తే కడప స్టేషన్ మళ్లీ గొంతు విప్పేది. కొందరు సెల్లును పంటి కింద పెట్టి నొక్కేవాళ్లు. ఇంకొందరు దాని అడుగును గచ్చుకేసి రుద్దేవాళ్లు. కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చింది 1963లో. ఆ తర్వాత సీమ పల్లెల్లో రేడియో కొన్న ప్రతి ఇంటికీ ఈ విద్య కూడా వెంటే వచ్చేసింది.

నవ్వకండి, అది వట్టి నమ్మకం కాదు. ఆ సెల్లు పైన ఉండేది జింకు డబ్బా. నడుమ బొగ్గు కడ్డీ, దాని చుట్టూ మాంగనీస్ డయాక్సైడ్ కలిపిన నల్లపొడి. వాడుతున్నకొద్దీ లోపల పుట్టిన సరుకు ఆ కడ్డీ చుట్టూనే పేరుకుని దారికి అడ్డం పడుతుంది. కాసేపు వాడకుండా వదిలేస్తే అది పక్కలకు సర్దుకుంటుంది. వేడి తగిలితే ఆ సర్దుబాటు ఇంకాస్త తొందరగా అవుతుంది, రసాయన చర్య కూడా చురుకెక్కుతుంది. అంటే ఎండ కొత్త బలం పోయలేదు, అడుగున మిగిలిన దాన్ని పైకి తెచ్చింది. వార్తలకూ, ఆ తర్వాత రెండు పాటలకూ సరిపోయేది. గచ్చుకు రుద్దితే పట్టిన చిలుము పోయి కరెంటుకు దారి దొరికేది. పంటితో నొక్కడం వల్ల సెల్లుకు ఏం మేలు జరిగేదో గానీ, పళ్లకు మాత్రం జరిగేది కాదు. ఇలా సాగదీయడంలో ఒక ప్రమాదం లేకపోలేదు. సెల్లు పని చేస్తున్నకొద్దీ జింకు డబ్బానే కరిగిపోతుంటుంది. అది చిల్లులు పడ్డాక రసం కారి సెట్లో స్ప్రింగును తినేసేది. పాత రేడియోలు చాలావాటిని చంపింది ఈ రసమే.

నేను ఈ పాత పురాణం ఎత్తడానికి ఒక కారణం ఉంది. ఆ పెద్దాయన మనవడు ఇప్పుడు అరటితోటలో బ్లూటూత్ డబ్బా పెట్టుకుని పని చేస్తున్నాడు. మహానంది గుండాల్లో నిండి పొంగిన నీళ్లు బయటి కాలువల్లో పడి తోటలకు పారతాయి కదా, ఆ పచ్చదనంలో ఎక్కడ గెలలు కోస్తున్నా ఒక పాట వినబడుతుంది. డబ్బాలో చిప్పు, చిప్పులో నంద్యాల మొబైల్ షాపులో ఎక్కించుకున్న పాటలు. సాయంత్రానికల్లా వాడి గోడు ఒకటే, "ఛార్జింగ్ నిలవడం లేదన్నా." డబ్బా పొద్దున్నుంచీ ఎక్కడుందయ్యా అంటే, ట్రాక్టర్ బానెట్ మీద. నిండు ఎండలో! తాత తన సెల్లును ఎక్కడ పెట్టాడో మనవడూ సరిగ్గా అక్కడే పెట్టాడు. కానీ తాత సెల్లుకు ఊపిరి పోసిన ఎండే ఈ సెల్లుకు యముడు.

ఎందుకంటే ఇది జింకు కాదు, లిథియం అయాన్. 1991లో సోనీ వాళ్లు మొదటిసారి అంగట్లోకి తెచ్చారు. దానికి పునాది వేసిన విటింగ్‌హామ్, గుడినఫ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఈ సెల్లుకు రెండు వయసులుంటాయి. ఎన్నిసార్లు ఛార్జి ఎక్కించి దించామన్నది ఒక వయసు. ఊరికే కూర్చున్నా గడిచిపోయేది రెండోది. మనవాళ్లు మొదటి దాన్ని గురించే బెంగపడతారు. మన సీమలో సెల్లును ముసలిదాన్ని చేసేది మాత్రం రెండోదే. బ్యాటరీల వాళ్లు తరచూ చెప్పే లెక్క ఒకటుంది. నలభై శాతం ఛార్జితో 25 డిగ్రీల చల్లదనంలో ఏడాది ఉంచితే సెల్లు తన సామర్థ్యంలో 4 శాతమే పోగొట్టుకుంటుంది. నిండా ఛార్జి చేసి 40 డిగ్రీల వేడిలో ఏడాది ఉంచితే 35 శాతం గల్లంతు. ఒక్క పాట కూడా పాడకుండానే!

నంద్యాలలో ఏప్రిల్, మే నెలల్లో 45 దాటడం వింతేమీ కాదు. అది నీడలో కొలిచిన లెక్క. ఎండలో తలుపులు మూసి నిలిపిన కారులో 60 డిగ్రీలు దాటుతుంది. ఇనుప బానెట్ సంగతి మీరు చెయ్యి పెట్టే చూడండి, కొలతబద్ద అక్కర్లేదు. ఒకప్పుడు ఐపాడ్‌లూ, ఇప్పుడు ఫోన్లూ అమ్మే ఆపిల్ వాళ్లు 35 డిగ్రీలు దాటిన చోట వాడొద్దని తమ కాగితాల్లో రాస్తారు. ఆ మాట నంద్యాలలో చదివితే మార్చి నుంచి జూన్ దాకా సంగీతానికి సెలవు పెట్టుకోవాలి.

నిండు ఛార్జి ఎందుకు చేటు అని మీరు అడగొచ్చు. సెల్లు 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది. అక్కడ లోపలి సరుకు బిగుసుకుని ఉంటుంది, చిన్న చిన్న పక్క చర్యలు మొదలవుతాయి. వేడి కలిస్తే అవి పరుగెడతాయి. కడుపు పగిలేలా సంగటి తిని మిట్టమధ్యాహ్నం పొలంలో దిగినట్టే. ఎనభై దాకా ఎక్కించి ఆపేస్తే సెల్లు ఎక్కువ కాలం బతుకుతుంది, ఇరవై కంటే కిందికి దిగనీయకపోతే ఇంకా మంచిది. అట్లని ఎనభై దగ్గర తీయడానికి రాత్రి రెండింటికి లేవమని నేను చెప్పను. పల్లెలో దీనికి తేలిక దారి ఉంది. రాత్రంతా గుచ్చి వదిలేసే బదులు, తెల్లవారుజామున లేచి పాలు పిండేటప్పుడు గుచ్చి, తోటకు పోయేటప్పుడు పీకడం. చల్లటి పొద్దు, పైగా నిండీ నిండగానే వాడకం మొదలు.

ఇంట్లో ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సంగతి. చాలా ఇళ్లలో ఛార్జింగ్ పాయింటు ఫ్రిజ్ పక్కన ఉంటుంది, డబ్బా ఫ్రిజ్ నెత్తిన కూర్చుంటుంది. కింద ఫ్రిజ్ వేడి, పైన పగలంతా కాలిన శ్లాబు. ఛార్జి ఎక్కేటప్పుడు సెల్లు తనంతట తానే కాస్త వేడెక్కుతుంది. ఈ మూడూ కలిస్తే ఇంకేం కావాలి? మన దగ్గర నాపరాయికి కరువా? బేతంచెర్ల బండలు పరిచిన నేల మే నెలలో కూడా ఒంటికి చల్లగా తగులుతుంది. పొడి బండ మీద డబ్బాను నేలకు ఆనించి పెట్టి ఛార్జి చేయండి. మట్టిమిద్దెలో ఉన్నవాళ్లకు ఈ సలహా కూడా అక్కర్లేదు. కొత్త మేడలు కట్టుకున్నవాళ్లకే ఈ తిప్పలు. చల్లదనం కోసం ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు. బయటికి తీయగానే చెమ్మ పట్టి లోపలి సర్క్యూట్ చెడుతుంది. ఆ పని వద్దు.

దుకాణాల్లో ఇప్పటికీ ఒక మాట వినబడుతుంది: "కొత్తది కదన్నా, మొదటిసారి ఎనిమిది గంటలు పెట్టు." ఇది నికెల్ కాడ్మియం కాలపు మాట. ఆ బ్యాటరీలు పూర్తిగా దించి, పూర్తిగా ఎక్కిస్తేనే దారిలో ఉండేవి. లిథియంకు ఆ వ్రతం లేదు. నిండాక దానికి ఎక్కేదేమీ ఉండదు, మిగతా గంటలన్నీ నిండుతనంలో, వెచ్చదనంలో గడుస్తాయి. పూర్తిగా చచ్చేదాకా వాడి అప్పుడు గుచ్చమనే సలహా కూడా అదే గోత్రం. లిథియం సెల్లు మూడు వోల్టుల కిందికి పదేపదే దిగడం దానికి హాని.

ఇక సెల్లులో ఉన్నది ఎక్కడ ఖర్చవుతుందో చూద్దాం. ట్రాన్సిస్టర్ రేడియో అంత పొదుపరి ఇంకోటి పుట్టలేదని నా అభిప్రాయం. నెమ్మదిగా పెట్టుకుంటే ఇరవై మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. అంత తక్కువ తాగుడుకైతే పెద్ద సెల్లు ఆరేడు వేల మిల్లీ ఆంపియర్ గంటల (ఎంఏహెచ్) దాకా ఇస్తుంది. మూడు వందల గంటలు! రోజుకు మూడు గంటలు వింటే మూడు నెలలు. నెల్లూరులో తయారైన నిప్పో సెల్లు నాలుగు కొంటే కోతల నుంచి కోతల దాకా వచ్చాయని పెద్దవాళ్లు చెబితే గొప్పలకు పోతున్నారనుకోకండి. టేప్ రికార్డర్ వచ్చాకే ఇంటి ఖర్చు పుస్తకంలో సెల్లుకు ఒక పద్దు పడింది. అందులో మోటారు తిరగాలి. రేడియో తాగేదానికి ఏడెనిమిది రెట్లు తాగేది, అంత తొందరగా లాగితే సెల్లు తన పూర్తి బలం ఇవ్వను కూడా ఇవ్వదు. అందుకే క్యాసెట్‌ను వెనక్కి తిప్పాల్సి వస్తే పెన్సిలో, రేనాల్డ్స్ పెన్నో చక్రంలో దూర్చి గిరగిరా తిప్పేవాళ్లం. బడిపిల్లలందరికీ వచ్చిన ఏకైక ఇంధన పొదుపు పథకం అది. 1979లో సోనీ వాక్‌మన్ రెండు పెన్సిల్ సెల్లుతో బయటికొచ్చింది. చెవిలోనే పాడుతుంది కాబట్టి స్పీకర్ ఖర్చు మిగిలింది, మోటారు ఖర్చు మాత్రం తప్పలేదు.

తిరిగే భాగాలు పోయాక తాగుడు చాలా తగ్గింది. మొదటి ఐపాడ్ 2001లో వచ్చినప్పుడు దాని లోపల కూడా చిన్న హార్డ్ డిస్క్ తిరిగేది. కొన్ని పాటలను ముందే జ్ఞాపకంలోకి తెచ్చుకుని డిస్క్‌ను పడుకోబెట్టేది. కుదురుగా వింటే పది గంటలు. ఊరికే పాట దాటించి పాట దాటించి వింటే డిస్క్ మళ్లీ మళ్లీ లేవాల్సి వచ్చి ఛార్జి దిగిపోయేది. ఇప్పటి చిప్పుల్లో ఆ బాధ లేదు. ఇప్పుడు తినేవి వేరే ఉన్నాయి.

మొదటిది శబ్దం. చెవికీ సెల్లుకూ లెక్కలు కలవవు. చెవికి రెండింతలు గట్టిగా వినబడాలంటే సెల్లు సుమారు పదింతలు ఇచ్చుకోవాలి. కాబట్టి గట్టిగా పెట్టే ముందు దగ్గరికి తెచ్చుకోండి. ఆరుబయట పది అడుగుల దూరంలో ఉన్న డబ్బాను ఐదు అడుగులకు తెచ్చుకుంటే, నాలుగో వంతు శక్తితో అంతే గట్టిగా వినబడుతుంది. సాలు మారినప్పుడల్లా డబ్బా కూడా మారాలి, అంతే. అదీ అరటి ఆకు నీడలో. పైగా తోట అంచు దాటితే నల్లమల, అక్కడి జీవాలకు మన పాటలతో పనేముంది? చిన్న స్పీకర్ పక్కన గోడ ఉంటే బరువు శబ్దం కాస్త తోడవుతుంది, ఆ మేరకు తగ్గించుకోవచ్చు. ఇయర్‌ఫోన్ అయితే లెక్కే వేరు, అది మిల్లీవాట్లలో నడుస్తుంది.

రెండోది దీపాలు. ఈ మధ్య వచ్చే డబ్బాలకు పెళ్లిపందిరి సీరియల్ సెట్టు కడుతున్నారు. పాటకు తగ్గట్టు ఎర్రగా, నీలంగా మెరుస్తాయి. మిట్టమధ్యాహ్నం తోటలో ఆ మెరుపు చూసేదెవరు? నొక్కి ఆర్పేయండి. ఫోన్‌లో పాట పెట్టి వీడియో నడిపేవాళ్లకూ ఇదే మాట. పాటకు కాదు, తెరకే ఎక్కువ ఖర్చు.

మూడోది సిగ్నల్. దీన్ని చాలామంది గుర్తించరు. శివరాత్రికీ ఉగాదికీ మన వైపు నుంచి శ్రీశైలం నడిచిపోయేవాళ్లను అడగండి. ఆత్మకూరు దాటి, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా అడవి దారి. జేబులో ఫోన్ ఊరికే ఉన్నా సాయంత్రానికి చచ్చిపోతుంది. ఎవరూ మాట్లాడలేదు, పాటా వినలేదు, మరెవరు తాగారు? టవర్ అందనప్పుడు ఫోన్ ఊరుకోదు. తన గొంతు పెంచి "ఎవరైనా ఉన్నారా" అని అరుస్తూనే ఉంటుంది. అడవిలో దిగేటప్పుడు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, తెర ఆర్పి, ముందే ఎక్కించుకున్న పాటలు తీగ ఇయర్‌ఫోన్‌లో వింటే శివనామం నడక పొడుగునా వస్తుంది. నెట్‌లో వినేది పాటే అయినా ప్రతి నిమిషం టవర్‌తో బేరం. దొరకని చోట బేరం ఖరీదెక్కువ.

పవర్ బ్యాంక్ కొనేవాళ్లకు ఒక మాట. పదివేల ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది లోపలి 3.7 వోల్టుల సెల్లు లెక్క. మనకు బయటికి వచ్చేది 5 వోల్టులు. మారేటప్పుడు కొంత వేడిగా పోతుంది. చేతికి దక్కేది ఆరు వేల చిల్లర. దుకాణదారు మోసం చేశాడని పోట్లాడకండి, ఇందులో అతని తప్పు లేదు.

మోసం ఉండే చోటు వేరే ఉంది. చిన్న ఎఫ్ఎం డబ్బా వెనక మూత గోటితో తీయండి, లోపల కనబడేది మనకు బాగా తెలిసిన ముఖమే: నోకియా 1100 కాలపు బీఎల్-5సీ. ఆ ఫోన్లు పోయినా ఆ సెల్లు ఆకారం పోలేదు, రేడియోల్లో మళ్లీ పుట్టింది. అసలు బీఎల్-5సీ బలం వెయ్యి ఎంఏహెచ్ చుట్టూ ఉంటుంది. అదే ఆకారం మీద దానికి రెట్టింపులూ మూడింతలూ అచ్చేసి ఉంటే అది అచ్చు బలమే. కాస్త పెద్ద డబ్బాల్లో గుండ్రటి సెల్లు ఉంటుంది, 18650 అంటారు, పద్దెనిమిది మిల్లీమీటర్ల లావు, అరవై ఐదు పొడవు. అందులో మంచివి మూడున్నర వేల చుట్టుపక్కల ఆగిపోతాయి. తొమ్మిదివేల తొమ్మిది వందలని రాసిన సెల్లు చూస్తే దండం పెట్టి వచ్చేయండి. త్రాసు ఉంటే ఇంకా తేలిక: సరైన సెల్లు నలభై ఐదు గ్రాముల దగ్గర తూగుతుంది. తేలిపోతే లోపల సరుకు లేదన్నమాట.

అసలు సెల్లుకూ ఒకసారి తంటా వచ్చిందనుకోండి. 2007 ఆగస్టులో నోకియా 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సీలు ఛార్జింగ్‌లో వేడెక్కవచ్చని చెప్పి, కావాలంటే మార్చి ఇస్తామంది. మన ఊళ్లలో జనం ఫోన్లు విప్పి వెనక అంకెలు చదువుకున్న రోజులవి. వాటిని చేసింది జపాన్ మత్సుషిత. నెల్లూరు నిప్పోకు 1972లో సాంకేతిక సాయం చేసిందీ వాళ్లే. మన రేడియోకు పాత సెల్లూ కొత్త సెల్లూ ఒకే పుట్టింటి నుంచి వచ్చాయన్నమాట!

గోటితో మూత తీయగలగడం ఎంత అదృష్టమో ఐపాడ్ కొన్నవాళ్లకు తెలుసు. దాని సెల్లు లోపల బిగించేశారు. 2003లో న్యూయార్క్‌లో నీస్టాట్ అన్నదమ్ములు ఈ సెల్లు గొడవ మీద ఒక చిన్న వీడియో తీస్తే ప్రపంచమంతా తిరిగింది. ఆ రోజుల్లోనే 99 డాలర్లకు బ్యాటరీ మార్చే పథకం వచ్చింది. కేసులు నడిచి 2005లో రాజీ కుదిరింది. యూరప్ వాళ్లు ఇప్పుడు చట్టమే చేశారు. 2027 ఫిబ్రవరి 18 నుంచి చేతిపరికరాల్లో చాలావాటికి బ్యాటరీని కొన్నవాడే తీసి మార్చుకునే వీలుండాలి. నంద్యాల దుకాణంలో చవక డబ్బాకు ఆ గుణం ముందే ఉంది. ఖరీదైనదానికే లేదు. కొనేటప్పుడు శబ్దం ఎట్లుందని అందరూ వింటారు, వెనక మూత ఊడుతుందా అని కూడా చూడండి. నేనైతే మొదట అదే చూస్తాను.

అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నలకు పాత పాటలు నింపిన కారవాన్ కొనిస్తున్నారు. సరిగమ వాళ్లు 2017లో మొదలుపెట్టిన పెట్టె, తెలుగు పాటలతోనూ వచ్చింది. మన పెద్దవాళ్లు దాన్ని దేవుడి గూటి పక్కన పెట్టి, ప్లగ్గు పీకకుండా ఏడాది పొడుగునా ఉంచుతారు. ఒకరోజు కరెంటు పోతుంది, పెట్టె పది నిమిషాల్లో మూగబోతుంది. వాడలేదే, ఎట్లా చెడింది అని వాళ్ల ఆశ్చర్యం. పొద్దున సుప్రభాతం ప్లగ్గు పీకి వినమనండి, మధ్యాహ్నం దాకా అట్లానే నడిపి, సగానికి దిగాక మళ్లీ గుచ్చమనండి. ఫోన్‌లో చెప్పేటప్పుడు "సెల్లుకు వ్యాయామం" అనకండి, "కరెంటు బిల్లు తగ్గుతుంది" అనండి, వెంటనే వింటారు.

అడవి పందుల నుంచి పంట కాపలాకు మైకు డబ్బాలు వాడే రైతులున్నారు కదా, అరుపులు రికార్డు చేసి రాత్రంతా పొలంలో మోగించేవి. పంట ఇంటికొచ్చాక దాన్ని మూల పడేస్తారు. వచ్చే కారుకు తీస్తే పలకదు. మూల పెట్టే ముందు సగం ఛార్జిలో ఉంచి, స్విచ్ ఆపి, చల్లటి చోట పెట్టండి. రెండు మూడు నెలలకోసారి కాసేపు గుచ్చండి. దాన్ని పూర్తిగా దిగిపోయిన స్థితిలో మూల పెడితే మాత్రం ఆశ వదులుకోవచ్చు. కొన్ని మైకుల్లో లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది, బరువును బట్టే తెలుస్తుంది. దానిది తలకిందుల గుణం. నిండా ఛార్జి చేసే మూల పెట్టాలి.

ఎంత చూసుకున్నా ఒకరోజు మూత పైకి లేస్తుంది. లోపల సెల్లు ఉబ్బింది. దాన్ని నొక్కి సర్దకండి, సూదితో గుచ్చి గాలి తీయకండి. అట్లా చేసేవాళ్లున్నారు, ముఖం కాల్చుకున్నవాళ్లూ ఉన్నారు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత సెల్లును వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత తయారీదారులది. కాబట్టి మొబైల్ షాపులో ఇచ్చేయండి, తీసుకోనంటే గట్టిగా అడగండి. అప్పటిదాకా ఇసుక పోసిన డబ్బాలో, ఇంటికి దూరంగా ఉంచండి. ముఖ్యంగా మార్గశిరం చలిలో అరుగు ముందర మంట వేసుకున్నప్పుడు, "పనికిరాదు కదా" అని పిల్లలెవరైనా దాన్ని మంటలో విసిరితే మాత్రం కబుర్లన్నీ ఆపి ముందు దూరంగా లేచిపోండి.